గోళ్ల నూనె మిషన్‌కు కాదు

ఏవండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. అద్దం దగ్గర పెట్టిన చిన్న సీసా మీ గోళ్లకు, కుట్టు మిషన్‌కు కాదు. పోయినసారి సీసా మొత్తం మిషన్‌లో పోసి, "భలే మెత్తగా తిరుగుతోందే!" అని మురిసిపోయారు. ఇది వాసన లేని బాదం నూనె, తోలు చీలిన చోట మండదు. చేతులు కడిగి తుడుచుకుని, ఒక్కో గోరు మొదట్లో ఒక్క చుక్క వేసి రుద్దండి. అది పూర్తిగా ఇంకాకే పట్టుబట్ట ముట్టుకోండి. లేచిన తోలు పళ్లతో పీకకండి. అలా పీకిన చోటు గరుకు తగిలే కదా నిన్న పెళ్లికూతురి బట్టకు పోగు లేచింది! సాయంత్రం ఆ అమ్మాయి వస్తే మీరే చెప్పుకోండి, నా మీదకు తోయకండి.

మరిచాను. మొన్న సినిమా హాల్లో మీరు చెయ్యి పట్టుకుంటే లాగేసుకున్నది కోపంతో కాదు, మీ గోటి పక్క తోలు గీరుకుపోయి. నూనె రాసుకుంటే మళ్లీ పట్టుకోవచ్చు.