‘ఇదిగో’ అంటే అది పలకదు

ఏమండీ,

డ్యూటీకి టైమైంది, వెళ్తున్నాను. నా ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంచాను, మూత వేయకండి. మీ విండోస్‌కీ నా లైనక్స్‌కీ పడదని నిన్న విసుక్కున్నారు కదా, తప్పు వాటిది కాదు. మీ కంప్యూటర్ నుంచి నా ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ తెరవబోతే అది అడిగేది నా పేరు. మీరేమో వారం రోజులుగా మీ పేరే కొడుతున్నారు. నా పేరు కొట్టండి, అన్నీ చిన్న అక్షరాలే. ‘ఇదిగో’, ‘ఏమోయ్’ అంటే అది పలకదు. ఆ పిలుపులకు పలికేది నేనొక్కదాన్నే. పాస్‌వర్డ్ ఈ చీటీ వెనక రాశాను. కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి.

తా.క.: కొట్టేటప్పుడు ఆ పేరు ఒక్కసారి పైకి అనండి. మొహమాటం ఎందుకు, వినడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. నేను కూడా.