మా ఆయన లేచి నిలబడ్డారు

13 ఆగస్టు 2006, ఆదివారం
అనకాపల్లి

సాయంత్రం చర్చి హాల్లో వైజాగ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ మాట్లాడింది. పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లను ఆ భయం ఏళ్ల తరబడి వదలకపోవచ్చని, అది పిచ్చి కాదని, వైద్యం ఉందని చెప్పింది. మీలో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగింది.

వెనక వరుసలోంచి మా ఆయన లేచారు.

"నాకుందమ్మా. కొన్నేళ్ల కితం మా బస్సు కాలవలో పడిపోయింది. ఇప్పటికీ కుళాయి ఇప్పితే సాలు, నీళ్లలో పిల్లలు ఏడుత్తన్నట్టే ఇనిపిత్తాది."

ఇన్నాళ్లూ నేను కుళాయి తిప్పగానే ఆయన వచ్చి కట్టేస్తుంటే, నీళ్లు వృథా అవుతున్నాయని కోపమనుకున్నాను.

ఇంటికొచ్చాక అడిగాను. "నాకెందుకు సెప్పలేదండీ?"

"అంతమంది పోయేరు. ఒంటిమీద గీతైనా పడకుండా నేనొచ్చేను. అందరూ అదృష్టవంతుడివన్నారు. ఇంకేటని సెప్పను, మేరీ?"

బుధవారం వైజాగ్ ఆసుపత్రికి రమ్మంది డాక్టరమ్మ. బస్సెక్కలేనన్నారు. రైల్లో వెళ్దామన్నాను. అందరి ముందూ చెప్పేశారు, రేపు బజారులో ఆయన్ని ఎవరేమంటారో...

"డాక్టరమ్మ దగ్గరికి నువ్వూ లోపలికొత్తావా?" అని మెల్లగా అడిగారు. ఏ పనికీ ఎవరినీ తోడడిగే మనిషి కాదు ఆయన.