సంబంధం చూసినట్టు యూనివర్సిటీ చూశాను

నా పేరు కొర్రా గంగ. ఆధార్ కార్డులో వయసు అరవై ఎనిమిది. రాసినవాడు నా మొహం చూసి వేసిన లెక్క అది. ఊరు అరకు దగ్గర అడ్డపుట్టు. ఇంట్లో నేను, నా మనవరాలు వెన్నెల, మేకలు. చిన్నకొడుకు బుధు కిందటి వానల్లో జ్వరమొచ్చి పోయాడు.

సీతంపేట హాస్టల్లో వంట చేసే నా పెద్దకొడుకు సోమన్నకి అమ్మ దీవెనలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నువ్వూ కోడలూ బాగున్నారని తలుస్తాను. అక్షరం రానిదాన్ని కాబట్టి అంగన్‌వాడీ రాజకుమారి చేత రాయిస్తున్నాను. ఆమె నా మాటని పుస్తకం మాట చేసి రాస్తుంది. తిట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచమన్నాను. ఫోను చేస్తే "బస్సులో ఉన్నానమ్మా" అని పెట్టేస్తున్నావు. వంటవాడికి పొద్దస్తమానం బస్సులో ఏం పనిరా, దొంగ సచ్చినోడా?

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు. ఇంటిమీద రేకు పక్కింటి గాసి వచ్చి బిగించాడు. చేలో చోడి నాట్లు అయ్యాయి. ఎర్రమేక ఈనింది, ఒకటే పిల్ల. నా మోకాలు నొప్పి ఎక్కడికీ పోలేదు.

ఇక నువ్వు అడగనిది. నీ కూతురు వెన్నెలకి సైకాలజీ డిగ్రీకి రెండు యూనివర్సిటీల్లో సీటు వచ్చింది, విశాఖలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి. హైదరాబాద్ వాళ్ళు సోమవారంలోగా అసలు సర్టిఫికెట్లతో రమ్మన్నారు. స్కాలర్‌షిప్ పని అని వాటిని నువ్వు తీసుకెళ్ళి నీ పెట్టెలో పెట్టుకున్నావు. విశాఖకి ఇంకా గడువుంది. నువ్వు ఔననక్కర్లేదు, కాదనక్కర్లేదు, సోమవారం దాటేదాకా ఆ పెట్టె మీద కూర్చుంటే చాలు. నీ ఎత్తు నాకు తెలీదనుకోకు. నిన్ను కన్నది నేను.

"పిచ్చోళ్ళ చదువుకి అంత దూరం దేనికి, విశాఖైతే వారంవారం రైల్లో వచ్చి నిన్ను చూసుకుంటుంది" అని కిందటి ఉత్తరంలో రాశావు. నీ మాట కొట్టేయకుండా పిల్లని తీసుకుని విశాఖ చూసొచ్చాను.

మనలో సంబంధం చూడ్డానికి వెళ్తే వచ్చిన పని ముందు చెప్పం కదా. మంచినీళ్ళు అడిగి, అరుగు మీద కూర్చుని, ఆ ఇంటివాళ్ళు ముసలివాళ్ళతో ఎలా మాట్లాడతారో చూస్తాం. మూడేళ్ళు పిల్లని ఇచ్చే చోటుని కూడా అలాగే చూడాలనుకున్నాను. వెన్నెల దారంతా గొణిగింది.

"నానమ్మా, ఆఫీసులోకెళ్ళి అడిగేద్దాం. బేగి తేలిపోద్ది."

"నోర్ముయ్యే గుంటా. అడిగితే అందరూ మంచే సెప్తారు."

సైకాలజీ వాళ్ళ వరండాలో కూర్చున్నాను. నీళ్ళు తేవడానికి అది వెళ్ళింది. ఇంతలో అక్కడ పాఠాలు చెప్పే సత్యకుమారి మేడమ్ వచ్చి, "ఏ పని మీద వచ్చారమ్మా?" అంది. ఏ పనీ లేదన్నాను. ఎవరి కోసమంది. ఎవరి కోసమూ కాదన్నాను. ఆమె నా మొహం కాసేపు చూసి, లోపల చిన్న గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తలుపు ఓరగా వేసింది. మనసు బాగోలేనివాళ్ళు వచ్చి చెప్పుకునే గదట అది. బాధ ఉండీ పైకి చెప్పలేని ముసలిదాన్ననుకుంది ఆమె. ఇంటివాళ్ళు ఆరా తీసే వంతు వచ్చిందనుకున్నాను నేను.

"ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అని అడిగింది. సంబంధంలో మొదట అడిగేదీ అదే.

"నేనూ, మనవరాలూ, మా బుధూ" అన్నాను.

"బుధు ఏం చేస్తాడు?" అంది.

సోమన్నా, ఇది నీకు తెలియకూడదనే ఇంతసేపూ మేకల సంగతి రాయించాను. నీ తమ్ముడు పోయినప్పటినుంచీ, పొద్దు వాలేసరికి కాఫీ తోటలోంచి "అమ్మా, అంబలి" అని వాడి గొంతు వినిపిస్తోంది. నేను గిన్నెలో పోసి గుమ్మంలో పెడుతున్నాను. మన పూజలు చేసే దిసారిని పిలిచి కోడిని కోయించి పూజ చేయించాను. కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ పిలిచాడు. ఎవరికీ చెప్పనిదంతా ఆ గదిలో ఆమెకి చెప్పేశాను. ఏడ్చాను కూడా. రాజకుమారి ఈ మాట దగ్గర కలం ఆపింది. రాయమన్నాను.

తలుపు తీసేసరికి వెన్నెల నీళ్ళసీసా పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది.

అప్పటినుంచి అది హైదరాబాద్ పేరెత్తడం లేదు. "విశాఖే మంచిది నానమ్మా, సముద్రముంటాది" అంటోంది. దానికి ఇన్నాళ్ళూ సముద్రం గుర్తు రాలేదు. హైదరాబాద్‌లో మొదటి ఏడాదినుంచే ఆసుపత్రికి తీసుకెళ్ళి, బాధపడే మనుషుల దగ్గర కూర్చోబెట్టి నేర్పుతారట. అది కోరుకున్నది ఆ చదువు. విశాఖలో ఆ పని డిగ్రీ దాటాక గానీ రాదని సత్యకుమారి మేడమే చెప్పింది. తన చోటుని తనే తక్కువ చేసి చెప్పింది కాబట్టి ఆమెని నమ్మాను.

ఇదంతా రాయించడం నీ చేతికి కత్తి ఇవ్వడమే. "ఇలాంటి నానమ్మని వదిలి పిల్ల ఎలా వెళ్తుంది" అంటావు. నా నోరే దాని దారికి అడ్డం పడింది, ఆ అడ్డం నేనే తీస్తాను. మేడమ్ నన్ను నెలనెలా రమ్మంది. మందు అవసరమేమో పెద్దాసుపత్రిలో చూపిద్దామంది. గాసి పెళ్ళాం రత్నాలు నాతో రైలెక్కుతానంది, రాత్రిళ్ళు మా ఇంట్లోనే పడుకుంటానంది.

గాసి ఈ ఉత్తరం నీ చేతికిచ్చి, నువ్వు బయల్దేరేదాకా అక్కడే కూర్చుంటాడు. సర్టిఫికెట్లు వాడికివ్వకు, నువ్వే పట్టుకుని రా. నేను వెళ్ళమంటే నా మీద జాలితో అది వెళ్ళదు. తండ్రివి, నువ్వు ఎదురుగా నిలబడి హైదరాబాద్ వెళ్ళమనాలి. సముద్రం అంటుంది, వినకు.

విశాఖకి వెళ్ళవలసింది అది కాదు, నేను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
కొర్రా గంగ (ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు: గాసి, రత్నాలు
చెప్పింది చెప్పినట్టు, తిట్టుతో సహా రాసినది: రాజకుమారి