బండి తోలొస్తదా?

ఫిల్మ్ నగర్ బస్తీ,
నవంబరు 4

జూబ్లీహిల్స్‌ల ఆడపిల్లలకు మోటారుసైకిలు నేర్పే అరుణజ్యోతమ్మకు,

కొమురమ్మ చెప్పి రాయించేది. నాకు చదువు రాదు. పక్కింటి పోచయ్య రాస్తుండు. ఒకప్పుడు సినిమా బోర్డుల మీద పేర్లు రాసిన చెయ్యి, అక్షరం గుండ్రంగ ఉంటది. మాట మాత్రం నాదే. ఆయన ఒక్క ముక్క కలిపినా ఊకోను. నీ ఫోను నంబరు దొరికింది గని చెయ్యలే. ఫోన్ల మాట ఎటు పోతదో తెల్వది. నువ్వు కాయితం మీద నా పరువు తీసినవు, కాయితం మీదనే జవాబియ్యి.

మొన్న ఆదివారం బియ్యం డబ్బాల చెయ్యి పెడితె గట్టిగ ఏదో తగిలింది. తీసి చూస్తె హెల్మెట్. దాంట్ల మడత పెట్టిన జిరాక్సు కాయితం. పోచయ్యతోని చదివించిన. "మా ఇంటి ఆడపిల్ల మీ వద్ద మోటారుసైకిల్ నేర్చుకొనుటకు నాకు పూర్తి సమ్మతి" అని ఉన్నదట. కింద నా వేలిముద్ర. నా వేలు కాదందామంటె కుదరదు. చిన్నప్పుడు కొడవలి కోసుకొని బొటనవేలు మీద అడ్డంగ గీత పడ్డది. ఆ గీత గూడ సక్కగ పడ్డది నీ కాయితం మీద.

నా మనుమరాలు శ్రీనిధి పోయిన నెల సిరా డబ్బా పట్టుకొచ్చి, "నానమ్మా, పింఛన్ కాయితం, నువ్వు బతికే ఉన్నవని చూపియ్యాలట, వెయ్యి" అన్నది. వేసిన. బతికున్న అని చెప్పనీకె వేసిన వేలును, పిల్ల చావుకు ఒప్పుకున్న వేలు చేసిన్రు మీరిద్దరు.

చావు అని ఎందుకంటున్ననో విను. దాని తండ్రి వీరయ్య నా ఒక్కగానొక్క కొడుకు. సినిమాలల్ల గుంపుల నిలబడే పని మా ఇద్దరిది. పద్నాలుగేండ్ల కింద ఒక షూటింగుల మోటారుసైకిలు మీదనే పోయిండు. వాడు మంచిగ తోలెటోడు. బండే మోసం చేసింది. బిరేకు పడలే. కోడలు రెండేండ్లకు మల్ల పెండ్లి చేసుకున్నది, దాన్ని నేనేమనలే. ఆరేండ్ల పిల్లను నేను సాదిన. అప్పటిసంది నా గడప ముందర రెండు చక్రాల బండి ఆగనియ్యలే. పాలోడు గూడ బండి మలుపు కాడ ఆపి నడిచొస్తడు.

నాకు రెండు కావాలె. నా వేలిముద్ర పడ్డ అసలు కాయితం నీ కాడ ఉన్నది, అది చింపి ఆ ముక్కలు నాకు పంపు. శ్రీనిధిని నీ బడిల నుంచి ఎల్లగొట్టు. చెయ్యకపోతె నేనొచ్చి నీ గ్రౌండ్ల కూసుంట. ఎవరు లేపుతరో చూస్త.

ఇట్లు,
తన వేలు తను అడుగుతున్న
కొమురమ్మ

•

జూబ్లీహిల్స్,
నవంబరు 6

గౌరవనీయులైన కొమురమ్మ గారికి నమస్కరించి రాస్తున్నాను.

మీ ఉత్తరం పోచయ్యగారు స్వయంగా ఎండలో నడిచి తెచ్చి ఇచ్చారు. మంచినీళ్ళయినా తాగమంటే, "ఆమెకు తెలిస్తే ఊకోదు" అని వెళ్ళిపోయారు.

తప్పు నాదే. ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఇంట్లో చెప్పకుండా వస్తారు. అందుకే ఎంత వయసు వాళ్ళయినా ఇంట్లో ఒకరి ఒప్పుదల తెమ్మంటాను. కింద సంతకం ఉంటే ఆ మనిషికి ఫోన్ చేసి, మీరే పెట్టారా అని కనుక్కుంటాను. మీ విషయంలో చేయలేదు. వేలిముద్ర చూసి, ఈవిడ కొత్తగా చెప్పేదేముంటుందిలే అనుకున్నాను. మీ మనవరాలు చేసింది మోసం. నేను చేసింది అంతకంటే చిన్నదేమీ కాదు.

కాగితం చింపేశాను. ముక్కలు ఇందులోనే పెట్టాను. శ్రీనిధిని నిన్ననే ఆపేశాను. ఏడవలేదు. మోకాళ్ళ కవచాలు విప్పి, తుడిచి, బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

నాలుగు క్లాసుల్లో తనేం చేసిందో మీకు తెలియాలి. మొదటి రెండు రోజులు మేం ఇంజను వేయనివ్వం. బండిని పక్కన పట్టుకుని నడిపించాలి, పడేయాలి, మళ్ళీ ఎత్తాలి. మూడో రోజు క్లచ్చు. ఎడమచేతి పిడి మెల్లగా వదులుతుంటే ఒకచోట బండి కదలబోతుంది. ఆ చోటు చేతికి తెలిసేదాకా వందసార్లయినా అదే చేయిస్తాను. తర్వాత బ్రేకు. కదలడం కంటే ముందు ఆపడం రావాలి. మీ పిల్ల నాలుగో రోజుకి గీత మీద ఆపింది.

బాధపెడితే క్షమించండి, ఒక్క మాట అడుగుతాను. పద్నాలుగేళ్ళ కిందట నేర్పేవాళ్ళు ఇంత మంది లేరు. మీ అబ్బాయి ఎక్కడ నేర్చుకున్నారు?

మీ కోపానికి తగిన
అరుణజ్యోతి

•

ఫిల్మ్ నగర్ బస్తీ,
నవంబరు 9

అరుణజ్యోతి బిడ్డకు,

ముక్కలు అందినయి. పొయ్యిల వేసిన. సిరా కాలుతుంటె వాసన వేరే ఉంటదని గప్పుడు తెలిసింది.

వేలిముద్ర గురించి నువ్వు రాసింది పోచయ్యతోని రెండుసార్లు చదివించిన. బ్యాంకుల, రేషన్ దుకాణంల, ఆస్పత్రిల, యాడ వేలు పెట్టినా నా మొకం చూసినోడు లేడు. వేలు పట్టుకొని వాళ్ళే ఒత్తుకుంటరు. తప్పు నాదే అన్నదానివి నువ్వొక్కదానివే. అందుకే ఇయ్యాల నిన్ను బిడ్డ అంటున్న. గంతే. మల్ల నెత్తికెక్కకు.

నా కొడుకు ఎక్కడ నేర్చిండో నీకెందుకు? నీ బడిల పేరు రాసుకుంటవా వానిది? సచ్చినోని చదువు అడుగుతరా ఎవరన్న? వానికొచ్చు. నేను చెప్తున్న కద, వచ్చు. ఇగ ఆ మాట ఎత్తకు.

హెల్మెట్ బీరువల పెట్టి తాళమేసిన. తాళపు చెవి నా కొంగుకు కట్టుకున్న. పిల్ల నాతోని మాట్లాడుతలేదు. ఫిల్మ్ నగర్ల ఒక సినిమా కంపెనీల బట్టల విభాగంల చేస్తది. ఆర్టిస్టుల బట్టలకు ఇస్త్రీ చేసుడు, గుండీలు కుట్టుడు, టైలరు కాడికి తిరుగుడు. పొద్దుగాల్నే పోతది, దుమ్ము కొట్టుకొని వస్తది. నిన్న మోకాలి కాడ ప్యాంటు చినిగింది. ఏందే అంటె బట్టల రూంల గోడకున్న మొల తాకిందన్నది. పచ్చిపులుసు చేసిన, దానికిష్టమని. తిన్నది గని బాగుందనలే.

అలిగితె అలగనీ. కాళ్ళు చేతులతోని ఇంట్ల ఉన్నది, నాకు అదే చాలు.

నిమ్మళంగ ఉన్న
కొమురమ్మ

•

జూబ్లీహిల్స్,
నవంబరు 18

అమ్మా,

మిమ్మల్ని ఇంక కదిలించకూడదనుకున్నాను. కానీ నిన్న చూసింది చెప్పకపోతే, మళ్ళీ మిమ్మల్ని అడగకుండా మీ వేలు వాడుకున్నట్టే అవుతుంది.

నిన్న సాయంత్రం ఫిల్మ్ నగర్ నుంచి పైకి వస్తుంటే, స్టూడియో గోడ వెంట దిగే రోడ్డు మీద శ్రీనిధి కనబడింది. బండి నడుపుతోంది. ఆ బండి తనతో పనిచేసే రష్మిది, రష్మి వెనక కూర్చుని "వదులు, వదులు" అని అరుస్తోంది. ఎదురుగా సామాన్ల వ్యాను. పిల్ల రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ ఆపింది. చేతితో కాదు, కాళ్ళతో. నేను నేర్పిన బ్రేకు ఆ వాలులో మర్చిపోయింది. అరచేయి గీరుకుపోయింది. పెద్ద దెబ్బ కాదు.

హెల్మెట్ ఏదని అడిగాను. "నానమ్మ బీరువాలో ఉంది మేడమ్" అంది.

పక్కన కూర్చోబెట్టి, ఎందుకింత తొందర అన్నాను. అప్పుడు చెప్పింది. ఒకటో తారీఖు నుంచి ఉద్యోగం పక్కా చేసి, కంపెనీ బండి ఇస్తారట. బట్టలు దాని మీదే లొకేషన్లకి మోసుకెళ్ళాలి. మేనేజరు "బండి నడపడం వచ్చా?" అని అడిగితే "వచ్చు సార్" అనేసిందట. "రాదంటే ఇంకో అమ్మాయిని తీసుకుంటారు మేడమ్, వెనకాల నలుగురు నిలబడున్నారు" అంది. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. నేను ఆపేశాను కాబట్టి రష్మిని పట్టుకుంది.

మళ్ళీ రా, నేర్పుతానని నేను అనలేదు. మీకిచ్చిన మాట మీదే ఉన్నాను. రష్మిని మాత్రం తిట్టాను. ఆ అమ్మాయికీ నేర్చుకుని నిండా రెండు నెలలు కాలేదు.

ఏం చేయాలో మీరు చెప్పండి. ఈసారి మీ మాట విన్నాకే ఏదైనా.

మీ
అరుణజ్యోతి

•

ఫిల్మ్ నగర్ బస్తీ,
నవంబరు 20

నా బిడ్డ అరుణజ్యోతికి,

నీ ఉత్తరం మొన్న పోచయ్య చదువుతుంటె, "వచ్చు సార్ అన్నది" అన్న కాడ నేను ఆపమన్న. మిగిలింది నిన్న చదివించుకున్న. అంతదాంక నాతోని కాలే.

నువ్వు అడిగినవు, నా కొడుకు యాడ నేర్చుకున్నడని. యాడ నేర్చుకోలే. వానికి సైకిల్ ఒక్కటే వచ్చు.

పోచయ్య రాసుడు ఆపి నా మొకం చూస్తుండు. రాయమన్న.

గప్పుడు మేం తెల్లారకముందే కృష్ణానగర్ అడ్డ మీద నిలబడేటోళ్ళం. ఏజెంటు వచ్చి, నువ్వు రా, నువ్వు రా అని ఏరుకొని వ్యానెక్కించుకొని పోయేటోడు. ఆ వారం ఒక్కరోజు గూడ మమ్మల్ని ఏరలే. ఆ పొద్దు ఏజెంటు, "ఊరేగింపు సీను, జెండా కట్టిన మోటారుసైకిళ్ళు నడపాలె, పది మంది కావాలె, బండి మేమిస్తం" అన్నడు. తొమ్మిది మంది ముందటికి పోయిన్రు. వీరయ్య ఎనకకు జరిగిండు. ఏజెంటు వాని దిక్కు చూసి, "ఏం రా, బండి తోలొస్తదా?" అన్నడు.

వాడు నోరు తెరిచిండు. ఏమంటుండెనో నాకు తెలుసు. వాడు అనకముందే నేనన్న. "ఎందుకు రాదు? నా కొడుక్కు మంచిగ వస్తది" అన్న. భుజం మీద చెయ్యి వేసి ముందటికి తోసిన గూడ.

వాడు నా దిక్కు ఒక్కసారి చూసిండు. కోపం లేదు. అమ్మ చెప్పింది కద, అయితదిలే అన్నట్టు చూసిండు. ఆడికి పోయినంక ఎవల్నో అడిగి, అరగంటల, ఇది గేరు, ఇది బిరేకు అని తెలుసుకున్నడట. మొదటిసారి వాలు మీద మెల్లగ దిగిన్రు. రెండోసారి డైరెక్టరు జోరుగ రమ్మన్నడు. ముందటి బండి ఆగితె, వీడు ఆపబోయి కుడిచేతి పిడి ఇంక తిప్పిండు. బండి ఉరికింది. బండరాయికి కొట్టుకున్నడు.

నేను గుంపుల జెండా పట్టుకొని నిలబడ్డ. నా కండ్ల ముందరనే.

ఆ పొద్దు సంది అడిగినోళ్ళందరికి బిరేకు పడలే అని చెప్పిన. పోలీసోళ్ళకు చెప్పిన, సినిమా సంఘపోళ్ళకు చెప్పిన, ఏడుస్తున్న కోడలుకు చెప్పిన. బండి మీద ఏ తప్పు లేదు. బండిని తిట్టుకుంట బతికిన, ఎందుకంటె తిట్టనీకె ఇంకెవలన్న ఉంటె అది నేనే.

నిన్న శ్రీనిధిని కూసోబెట్టి ఇదంత చెప్పిన. కొడ్తదనుకున్న, తిడ్తదనుకున్న. తన అరచెయ్యి మీద గీరుకున్న కాడ చూసుకున్నది. ఒక్కటే అడిగింది. "నానమ్మా, క్లచ్చు యాడ పట్టుకుంటదో డాడీకి ఎవరన్న చూపెట్టిన్రా?" అన్నది. నాకు ఆ మాటకు అర్థం తెల్వది. నీ ఉత్తరంల ఉండెనని యాదికొచ్చి, లేదు బిడ్డా అన్న. గప్పుడు ఏడ్చింది. నేను పట్టుకున్న. పద్నాలుగేండ్లల్ల మేమిద్దరం కలిసి ఏడ్చింది లేదు.

ఇయ్యాల పొద్దుగాల ఇద్దరం దాని ఆఫీసుకు పోయినం. నేను లోపటికి పోలే. నేను పోతె మల్ల నేనే మాట్లాడుత, దాని నోటికి అడ్డం పడుత. మెట్ల మీదనే కూసున్న, తలుపు తీసి ఉన్నది. "సార్, నాకు బండి రాదు. వస్తదని అబద్ధం చెప్పిన. నేర్చుకుంటున్న" అన్నది. మాట మొత్తం చెప్పింది. మేనేజరు, "మరి ఎప్పటికి వస్తది?" అన్నడు. "నేర్పే మేడమ్ వచ్చిందన్నప్పుడు సార్" అన్నది. ఆలోచించి చెప్తనన్నడు. కొలువు ఉంటదో పోతదో తెల్వది. పోతె పోనీ. నేను ఇంక రెండిండ్లల్ల అంట్లు తోముత, ఈ చేతులకు గంత సత్తువ ఉన్నది.

రేపు దాన్ని తోలుకొని నీ కాడికి వస్తున్న. హెల్మెట్ తీసిన, ఎండకు పెట్టిన. కొత్త కాయితం తయారు పెట్టు. నాకు చదివి వినిపించు, తెల్వని కాడ ఆపి అడుగుత, అప్పుడు వేలు వేస్త. ముందుగాల ఇంజను లేకుంట నడిపించుడు కాడికెల్లే మొదలువెట్టు. ఆ వాలు రోడ్డు మీద నేర్చుకున్నదంత మరిచిపొయ్యేదాంక నేర్పు. పడెయ్యనీ, ఎత్తనీ. నేను గోడ పక్కకు కూసోని చూస్త, నోరు తెరువ.

ఒక్కటే అడుగుత బిడ్డా. దానికి పూర్తిగ వచ్చేదాంక "వచ్చింది" అనకు. మేనేజరు ఫోన్ చేసి అడిగినా అనకు. అది బతిమాలినా అనకు. నా సంగతి నాకు తెలుసు, నాలుగు రోజులైతె తొందర పడుత, దాని కొలువు యాదికొచ్చి "ఇంక రాలేదా?" అని నీ మీదికి వస్త. నేనొచ్చి అడిగినా సరే, నా మొకం చూసి, రాలేదనే చెప్పు.

వీరయ్య తల్లి
కొమురమ్మ