రెండో కంచం

పెరంబూరు,
1955 ఆగస్టు

నన్ను చంకనేసుకొని పెంచిన అమ్మణి అక్కకు తమ్ముడు ఏకాంబరం దండం పెట్టి రాసేది ఏమంటే,

నా ముక్కు ముఖం మీదే ఉంది, కనుక క్షేమమే. కోకిల పోయి ఏడాది తిరిగింది, ఇంకో పెళ్ళి చేసుకోమని రాశావు. ఈ నోటికి పిల్లనిచ్చేంత చెవిటి మామ మద్రాసులో దొరకడు. ఆ మాట వదిలెయ్. నేను వేరే ఒకటి అనుకున్నాను, నవ్వకుండా చదువు.

మా హోం సంగతి తెలుసుగదా. పోలీసులు పట్టుకొచ్చిన పిల్లల్ని కోర్టు తేల్చేదాకా ఉంచే చోటు. గేటు దగ్గర నేను, లోపల ప్రొబేషన్ ఆఫీసర్లు. ఒక్కో పిల్లవాడి ఇల్లూ వాకిలీ విచారించి, వాణ్ణి ఎవరి చేతిలో పెట్టాలో కోర్టుకి రాసేది వాళ్ళే. వాళ్ళందరి మీదా పెద్దాఫీసరు కనకవల్లమ్మ. కింది ఆఫీసరు చూసొచ్చిన ఇంటికి ఆవిడ మళ్ళీ చెప్పాపెట్టకుండా వెళ్తారు. అదీ ఆవిడ పద్ధతి.

కొత్తగా వచ్చిన ప్రతి పిల్లవాడికీ నేను బిగుసుకుని నిలబడి సెల్యూట్ కొడతాను. “జడ్జి దొరా, ఇంత ఆలస్యమా? కోర్టంతా మీ కోసం కాచుకోనుండాది” అంటాను. ఏడుస్తూ వచ్చినవాడు టక్కున ఆగుతాడు. పోయిన నెల రైలు షెడ్డులో దొరికాడని చిన్నతంబి అనే ఎనిమిదేళ్ళవాణ్ణి తెచ్చారు. వాడు నన్ను కిందికీ పైకీ చూసి, “టోపీ తిరగేసి పెట్టుకోనుండావే, నువ్వేం బంట్రోతువి?” అన్నాడు. నిజంగానే తిరగేసి పెట్టుకున్నాను. అక్కా, కోకిల పోయాక నాకు ఎదురు చెప్పిన మొదటి ప్రాణి వాడే.

వాడికెవరూ లేరట. అట్లాంటి పిల్లల్ని తగిన మనిషి పూచీ మీద ఇస్తారు. నాకిమ్మని అడగబోతున్నాను. పొద్దున ఇల్లు వదిలేటప్పుడు “వస్తా” అని ఎవరికి చెప్పాలో తెలియక తాళానికి చెప్తున్నాను.

నీ కోతి తమ్ముడు,
ఏకాంబరం


పెరంబూరు,
సెప్టెంబరు

తిట్టినా తీపిగా తిట్టే అక్కకు,

అడిగాను. ఆఫీసంతా నవ్వింది. వాళ్ళ తప్పేముంది? ఉగాదికి మంత్రిగారొస్తున్నారని అబద్ధం చెప్పి కింది ఆఫీసరు గోపాలయ్యగారి చేతికి దండ ఇచ్చి ఎండలో నిలబెట్టినవాణ్ణి. కనకవల్లమ్మ మాత్రం నవ్వలేదు. “అర్జీ పెట్టు” అన్నారు. విచారణకి గోపాలయ్యగారినే పంపారు.

నేను గేటు దగ్గర ఉన్నప్పుడు ఆయన మా వీధికి వెళ్ళాడు. పక్కింటి లూర్దుమేరి గుమ్మంలో చేపలు తోముతోందట. ఏకాంబరం ఎట్లాంటి మనిషని అడిగాడు.

“ఆయనే గదా నిన్ను పంపినాడు? కళ్ళజోడు బాగా కుదిరిందిలే. రాసుకో సార్, శానా మంచోడు. శుక్రవారం శుక్రవారం పిల్లోళ్ళని ఉడకబెట్టుకుంటాడు.”

ఎదురింటి మునిరాజు ఊరుకోలేదు. “నలుగురు పెండ్లాలు సార్. ఒకామె ఇంకా బాయిలోనే ఉండాది.”

వాళ్ళనీ ఏమనను? పోయినేడు నా స్నేహితుడొకణ్ణి జనాభా లెక్కల ఆఫీసరని పంపి, వీధిలోని కోళ్ళన్నిటికీ పేర్లు రాయించాను. ఆ కసి వీళ్ళకి తీరలేదు. ఈ ఆఫీసరూ అట్లాంటివాడే అనుకున్నారు. గోపాలయ్యగారు మాత్రం అన్నీ శ్రద్ధగా రాసుకుని, అడుగున “తగడు” అని గీత గీశాడు. లూర్దుమేరి తర్వాత తెలుసుకుని తల బాదుకుంది. ఏం లాభం?

ఇన్నేళ్ళు ఊరందరినీ నవ్వించాను. ఒక్కసారి నిజం చెప్తే నమ్మేందుకు ఒక్క మనిషినైనా మిగుల్చుకోలేదు అక్కా.

ఇట్లు,
నలుగురు పెళ్ళాల మొగుడు ఏకాంబరం


పెరంబూరు,
అక్టోబరు

అక్కా,

ఈసారి వేళాకోళం రావడం లేదు, ఓర్చుకో.

కనకవల్లమ్మ తన పద్ధతి ప్రకారం మా ఇంటికి వచ్చారు. ఎవర్నీ ఏమీ అడగలేదు. మంచినీళ్ళు తాగి, అలమర వైపు చూశారు. “కంచం ఒకటే ఉందే?” అన్నారు.

నాలుక చివరికి ఒక్క జోకూ రాలేదు. “కోకిలది చూడలేక చీరలతో పాటు ఇచ్చేసినానమ్మా” అన్నాను. ఆవిడ లేచారు. “గోపాలయ్య రాసింది కొట్టేస్తున్నా” అన్నారు. ఆ సాయంత్రమే వెళ్ళి చిన్న సత్తు కంచం కొన్నాను.

కానీ ఆవిడ అన్నిటినీ రెండోసారి చూస్తారు గదా, చిన్నతంబి చెప్పిన “ఎవరూ లేరు”నీ చూశారు. హోంలో ఎండుచేపల కూర వడ్డించిన రోజు వాడు ముద్ద ముట్టకుండా ఏడ్చాడట. దాన్ని పట్టుకుని, చేపలవాళ్ళుండే రాయపురంలో విచారించారు. ఎండుచేపలమ్మే కాళియమ్మ అనే అవ్వ దొరికింది. వాడి అమ్మమ్మ. వానొస్తే చేపలు లోపల పెట్టమంటే వీడు ఆటలో పడ్డాడు, సరుకంతా తడిసింది, దెబ్బలకి భయపడి రైలెక్కాడు. గోపాలయ్యగారు ఆ గుడిసెని ముందుగా చూసొచ్చి, కప్పు కారుతోంది, ముసలిదానికి చూపానదు, ఇవ్వకూడదని రాశాడు. రెండోసారి చూడ్డానికి కనకవల్లమ్మ వెళ్తూ గొడుగు పట్టమని నన్ను తీసుకెళ్ళారు.

“చేప పోతే పోనీలేరా అని చెప్పేదానికి వాడు నిలబళ్ళేదే సామీ” అంది అవ్వ.

పొయ్యి పక్కన రెండు కంచాలు. ఒకదాంట్లో మెతుకులు. రెండోది కడిగి బోర్లించి ఉంది. వేలితో తాకి చూశాను.

“రోజూ కడగతా ఉండావా అవ్వా?”

“వాడు చెప్పి వస్తాడా? వచ్చినప్పుడు దుమ్ము కంచంలో పెట్టేదా?”

బయటికొచ్చాక కనకవల్లమ్మ ఆగారు. “నువ్వు గూడా చూసినావు గదా. ఏమంటావు ఏకాంబరం?”

కప్పు కారుతోందమ్మా అంటే చాలు, వాడు నావాడు. అబద్ధం కూడా కాదు. గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాను.

“కంచం తడిగా ఉండాదమ్మా” అన్నాను.

నిన్న వాణ్ణి పంపించేశారు. గేటు దగ్గర సెల్యూట్ కొట్టి, “జడ్జి దొరా, కోర్టు ముగిసింది” అన్నాను. వాడు అవ్వ చెయ్యి వదిలించుకుని వచ్చి, నన్ను వంగమని సైగ చేసి, నా టోపీ సరిగ్గా తిప్పి పెట్టాడు. ఈసారి కావాలనే తిరగేసి పెట్టుకునున్నాను.

ఇంటికొచ్చి తాళానికి “వచ్చా” అని చెప్పాను.

అక్కా, పుత్తూరులో నీకు పనులుంటాయని తెలుసు. అయినా ఒక నాలుగు రోజులు వచ్చి ఉండు. కంచం తెచ్చుకోవద్దు. ఇక్కడ ఇంకొకటి ఉంది, కడిగే పెట్టాను.

నీ తమ్ముడు,
ఏకాంబరం