తడి గోడకి రంగు

మరిదికి వదిన దీవెనలు. మీ అన్నయ్యకి గుండె ఆపరేషన్ అయింది, గండం గడిచింది.

గుండెపోటుకి లోపలి గోడ చిల్లుపడితే వెంటనే కుట్టకుండా వారం ఆగమంటాడేమిటని డాక్టరు మీద ఇంతెత్తున లేచి, అలిగి ఇంటికి వెళ్ళిపోయావు కదా. "దెబ్బతిన్న కండ ఇంకా మెత్తగా ఉందమ్మా, ఇప్పుడు కుడితే దారం నిలవదు" అని ఆయన అంటే నాకూ అవి చేతగాని మాటల్లాగే వినబడ్డాయి. మీ అన్నయ్య మాత్రం మంచం మీంచే, తన రంగుల పని లెక్కలోనే, "తడి గోడకి రంగేస్తే పెచ్చులూడదూ? డాక్టరుకి పని తెలుసు, ఆగండి" అన్నారు. మొన్న అతుకు వేశారు. కుట్టు నిలిచింది.

నిన్న నోట్లో గొట్టం తీశారు. పది రోజులు పక్కనే కూర్చున్నదాన్ని, నన్ను ఏమైనా అడుగుతారేమోనని వంగితే, "తమ్ముడు బడి గోడ ఆరకుండానే రంగేశాడా?" అన్నారు! లేదని చెప్పాను. వేసుంటే ఇవాళే గీకెయ్యి.

దగ్గొస్తే ఛాతీకి అదుముకోవాలిట, మన చిన్న దిండు పంపు. ఇక్కడిది బండరాయి. పిల్లలు వేళకి తింటున్నారా? చిన్నదానికి జలుబు తగ్గిందా?

గోడ ఆరేదాకా చేతులు కట్టుకు కూర్చుంటారని పదిహేనేళ్ళుగా ఆయన్ని బద్ధకస్తుడని సాధించాను. అది బద్ధకం కాదని ఇప్పుడు తెలిసింది. ఈ ముక్క ఆయనతో అనకు, నెత్తికెక్కుతారు. ఇంటికి రానీ, నేనే ఒప్పుకుంటాను.

మీ వదిన