నల్లరాతి పట్టీ జరగదు

నంద్యాల, జూన్ 3

బుడేన్ పెద్దనాయనకు, షోయబ్ సలాములు.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం. మా వీధిలో కొత్తగా కట్టిన మసీదులో నువ్వు పరిచిన బేతంచెర్ల బండలు అద్దంలా ఉన్నాయి. కానీ నమాజు వరుసల కోసం వేసిన నల్లరాతి పట్టీలు, నమాజులో మొహం పెట్టాల్సిన కాబా దిక్కుకు సరిగా లేవు. కమిటీ వాళ్లం ఐదుగురం లౌడ్‌స్పీకర్ డబ్బా మీద ఫోన్లు పెట్టి దిక్కు చూశాం. ఐదూ ఒకే మాట చెప్పాయి. ఇరవయ్యో తారీఖు శుక్రవారం తొలి నమాజు. ఆలోపు వేరే మేస్త్రితో లేపించి మళ్లీ వేయిస్తాం. ఏమీ అనుకోవద్దు.

నీ షోయబ్

తా.క.: వయసు మీద పడితే ఇవి మామూలే అని అందరూ అన్నారు. నేను మాత్రం గట్టిగా అనలేదు.

ఆళ్లగడ్డ, జూన్ 6

ఐదు ఫోన్ల షోయబ్‌కు, ఒక్క తాపీ బుడేన్ దీవెనలు.

ఫోన్‌లో నా మాట సగం కాకముందే నీ మాట దూరుతుంది. కాగితం మీద ఎవరూ అడ్డం రారు.

మనుషుల కోసం దేవుని పేరిట ఏర్పడిన మొట్టమొదటి ఇల్లు కాబా అని మన నమ్మకం. ఆ గోడలు లేపింది దైవప్రవక్త ఇబ్రాహీం నబి. రాళ్లు అందించింది కొడుకు ఇస్మాయిల్ నబి. ఆ పని చేసింది నబీలు, కమిటీ కాదు. ఈ సంగతి చెబితే ఆత్మకూరులో ఒక కాంట్రాక్టరు లేచి నాకు తన కుర్చీ ఇచ్చాడు. దానికి మూడే కాళ్లు. సరే, అసలు విషయానికి వస్తా.

మే ఇరవై ఎనిమిదిన, మన గడియారంలో మధ్యాహ్నం రెండూ నలభై ఎనిమిదికి, సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన నిలుస్తాడు. ఆ నిమిషంలో నంద్యాలలో గుండు కట్టిన దారం వేలాడదీస్తే, దాని నీడ గీతే కాబాకు దారి. ఆ గీతను బట్టే పట్టీలు వేశాం. సూర్యుడికి చార్జింగ్ అక్కర్లేదు.

ఒక్క బండ లేపినా, ఆ గుంతలో నేనే వచ్చి పడుకుంటా.

ఇట్లు, జరగని బుడేన్

తా.క.: ఆ వేరే మేస్త్రికి తాపీ పట్టడం ఎవరు నేర్పారో అడిగి రాయి. అంత చెడ్డగా నేర్పిన మనిషిని ఒకసారి చూడాలని ఉంది.

నంద్యాల, జూన్ 9

పెద్దనాయనకు సలాములు.

నీ ఉత్తరం కమిటీలో చదివాను. చదవకుండా ఉండాల్సింది. "గుంతలో పడుకుంటా" అన్న చోట అందరూ నన్ను ఆపేశారు. మా అధ్యక్షుడు లేచి, "ఏందప్పా, మీ పెద్దనాయన ఈడ సమాధి అడుగుతాండాడా? మసీదును దర్గా చేస్తానంటే ఊరుకునేది లే" అన్నాడు. ఎంత చెప్పినా వినకుండా తీర్మానం రాయించాడు: హాలులో ఎవరినీ పూడ్చరాదు. ఐదుగురం సంతకాలు పెట్టాం.

మేస్త్రి సోమవారం వస్తున్నాడు.

షోయబ్

తా.క.: తీర్మానంలో నీ పేరు రానివ్వలేదు. "ముఖ్యంగా ఆళ్లగడ్డ వాళ్లను" అని మాత్రం చేర్పించాను.

ఆళ్లగడ్డ, జూన్ 12

సమాధుల వ్యవహారం చూస్తున్న షోయబ్‌కు,

నాకు ఇంకా చచ్చే తీరిక దొరకలేదు. దొరికినా నంద్యాల రాను.

లౌడ్‌స్పీకర్ డబ్బాలో అయస్కాంతం ఉంటుందిరా నాయనా. దాని మీద పెట్టిన ఫోను డబ్బా చెప్పిన దిక్కే చెబుతుంది. ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలోకి పోయి మళ్లీ చూడండి. తప్పు నాదైతే బండలన్నీ నా చేత్తోనే లేపి, తాపీ అక్కడే వదిలేసి, జన్మలో మళ్లీ ముట్టను.

జరగని బుడేన్

తా.క.: తప్పు మీదైతే ఏం వదిలేస్తారో దానికీ ఒక తీర్మానం రాయించుకోండి.

నంద్యాల, జూన్ 15

పెద్దనాయనకు వెయ్యి సలాములు.

ఖాళీ జాగాలో ఐదు ఫోన్లూ నీ గీతకే వచ్చి నిలిచాయి. అధ్యక్షుడు రెండోసారి, మూడోసారి చూసి, "ముసలాయనవి గద్ద కండ్లప్పా!" అన్నాడు. మేస్త్రిని రావద్దన్నాం. శుక్రవారం నమాజు తర్వాత నీకు శాలువా కప్పుతాం. తప్పక రావాలి.

సిగ్గుతో, షోయబ్

తా.క.: తీర్మానం కొట్టేశాం. ఇప్పుడు కావాలంటే పడుకోవచ్చు అని అధ్యక్షుడు చెప్పమన్నాడు.

ఆళ్లగడ్డ, జూన్ 17

షోయబ్‌కు,

నేను రాను.

గద్ద కండ్లు అన్నారు కాబట్టి నిజం చెప్పాలి. నా రెండు కండ్లకూ పొర కమ్మింది, బండలు చేత్తో తడిమే పరుస్తా. ఆ మధ్యాహ్నం దారం పట్టుకున్నది నేనే, నీడ మాత్రం నాకు కనబడలేదు. "యాడుందే?" అని తడుముతుంటే, "నువ్వు కదలాకుండా నిలబడు, అదే సాలు" అని గీత గీసింది మీ పెద్దమ్మ లాల్‌బీ. గీసి బయటికి వచ్చేసింది. మీ మసీదులో ఆడవాళ్లు నిలబడే చోటే లేదు. గీత ఆమెది, శాలువా నాదా?

పక్కనున్న సామాన్ల గది ఖాళీ చేసి ఆడవాళ్లకు ఇవ్వండి. జూలై పదహారున రెండూ యాభై ఏడుకు సూర్యుడు మళ్లీ కాబా నెత్తిన నిలుస్తాడు. ఆ రోజు ఇద్దరం వచ్చి గీత గీసి బండలు వేస్తాం. లేదంటే ఇద్దరం రాం.

జరగని బుడేన్

తా.క.: నాయనా షోయబ్, నేను మీ పెద్దమ్మను. కండ్లు కనబడని మనిషికి ఇన్ని దినాలు ఉత్తరాలు రాసిపెట్టిందెవురనుకుంటాండావ్? ఈ కాయితంలో ఆయన చెప్పింది "శుక్రవారం వస్తాండా" అనే ఒక్క ముక్కే, అది నేను రాయలే. మిగతాదంతా నాది. ఆయన శాలువా కోసరం అంగీ ఇస్త్రీ చేపిచ్చుకోని కూర్చున్యాడు. గది ఖాళీ చేసినామని నీ ఉత్తరం వచ్చేదాంక, ఆయనకు ఆళ్లగడ్డ నుంచి బస్సుల్లేవు.